గ్రహణం పూట చెరుకు

మా ఇంట్లో చెరుకు ముట్టని మనిషి ఒక్కతే ఉండేది. మా అవ్వ. మా వైపు అమ్మను అవ్వ అంటాం, నాన్నను బాపు అంటాం. ఊరేమో బోధన్, ఇల్లేమో చక్కెర ఫ్యాక్టరీకి పోయే రోడ్డు పక్కన. చలి మొదలైందంటే వర్ని వైపు కోస్తా రైతులు స్థిరపడ్డ క్యాంపుల నుంచి, కాలువ కింది ఊళ్ల నుంచి చెరుకు బండ్లు వచ్చి మా వాకిలి ముందు బారులు తీరేవి. బండి మీది మనిషి కాస్త కునుకు తీస్తే చాలు, వీధి పిల్లలం వెనక నుంచి గడలు గుంజేవాళ్లం. పెద్దవాళ్లు మమ్మల్ని దొంగలని తిట్టి, ఆ తిట్టే నోటితోనే మా గడలోంచి ఒక ముక్క విరుచుకుని నమిలేవాళ్లు. అటువంటి ఊళ్లో అవ్వ చెరుకు వంక చూసేది కాదు. వాకిట్లో మేము ఉమ్మిన పిప్పిని చీపురుతో నెట్టేదే గాని చేత్తో ఎత్తేది కాదు.

ఎందుకని ఎవరూ అడిగేవాళ్లు కాదు. అడగాల్సిన అవసరం లేదు, కారణం వీధి వీధికంతా తెలుసు. అదే నాకు ఒళ్లు మంట.

మా చెల్లె అవ్వ కడుపులో ఉండగా సూర్యగ్రహణం పట్టింది. చెరుకు బండ్లు నడిచే రోజులు. నాకు అప్పుడు ఏడేళ్లుంటాయేమో. మా నాయినమ్మ, అంటే బాపుకు తల్లి, తెల్లారినప్పటి నుంచి ఇల్లంతా ఫౌజుదారులా తిరిగింది. నీళ్ల బిందెల మీద గరిక, పచ్చడి జాడీల మీద గరిక. నడింట్లో ఇత్తడి తాంబాళం పెట్టి, నీళ్లు పోసి, అందులో రోకలిని నిటారుగా నిలబెట్టింది. రోకలి నిలబడి ఉన్నంతసేపు గ్రహణం ఉన్నట్టే లెక్క. ఎనిమిదో నెల నడుస్తున్న అవ్వను వెనకటి అర్రలో పడుకోబెట్టి, కిటికీకి గోనెసంచి కట్టింది. కాలు ముడవద్దు, ఒళ్లు గోకవద్దు, ఏదీ కొయ్యవద్దు, ఏదీ చీల్చవద్దు, నోట్లో ఏమీ వెయ్యవద్దు. ఒక్కొక్క మాటకు అవ్వ చీకట్లోంచి "ఆ" అంటూ ఉంది.

బాపు ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. సూర్యుడు ఉన్నా లేకున్నా బాయిలర్ చల్లారకూడదు గనుక ఆ రోజు కూడా డ్యూటీకి పోయాడు. పోతూ పోతూ అవ్వకు ఒక మాట చెప్పాడు.

"డ్యూటీ మారే కూత పడ్డంక విడుస్తదట. అప్పటిదాంక లేవకు."

మా బోధన్‌లో గడియారం ఎవరింట్లో ఉందని? అన్నం ఉడకాలన్నా, పిల్లలు బడికి పోవాలన్నా, పెళ్లి ముహూర్తమైనా సరే, ఫ్యాక్టరీ కూతే గడియారం. అయితే డ్యూటీ మారేముందు కార్మికులను పిలిచే కూత ఒకటి ఉండేది, డ్యూటీ మారాక ఇంకొకటి. బాపు చెప్పింది రెండోది. అవ్వ లేచింది మొదటిదానికి. పొద్దున నుంచి పస్తు. నడుము కట్టెలా బిగుసుకుపోయింది. వెనక తలుపు తీసుకుని అరుగు మీద కూర్చుంది. అక్కడ గోడకు నేను ఆనించి పెట్టుకున్న చెరుకు గడ ఉంది. ఆకలి మీద ఉన్న మనిషి కత్తి వెతుక్కుంటుందా? పంటితో పట్టి తొక్క చీల్చింది.

నాయినమ్మ వచ్చి చూసేసరికి నడింట్లో రోకలి నిలబడే ఉంది, వెనక అరుగు మీద కోడలు చెరుకు నములుతూ ఉంది.

"నోటితోని చీలుస్తున్నవానే!" అని నాయినమ్మ పెట్టిన కేక నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఆమె కోపంతో అరవలేదు, భయంతో అరిచింది. అవ్వ నోట్లోది ఉమ్మేసి లోపలికి పరుగెత్తింది. రెండో కూత ఆ తర్వాత పడింది.

చెల్లె పైపెదవి చీలి పుట్టింది. తెలంగాణ, ఆంధ్ర కలిసిన ఏడాది అది. బంగారం లాంటి పిల్ల, పెద్ద పెద్ద కళ్లు, పెదవి మాత్రం ముక్కు దాకా రెండుగా ఉంది. దానికి మన భాషలో పెట్టిన పేరే గ్రహణం మొర్రి. ఇక తీర్పు చెప్పడానికి ఎవరైనా ఎందుకు? పేరులోనే ఉంది. పిల్లకు రొమ్ము పట్టడం చేతగాక అవ్వ ఉగ్గుగిన్నెతో చుక్క చుక్క పోసేది. చూడవచ్చిన ఆడవాళ్లు పిల్లను చూసి, అవ్వను చూసి, "చెరుకట గద" అనేవాళ్లు. అవ్వ "అవ్" అనేది. తప్పు ఒప్పుకున్న మనిషి ఎలా అంటుందో అలా. బాపు ఏనాడూ ఆమెను ఒక్క మాట అనలేదు. రెండు కూతలుంటాయని సరిగ్గా చెప్పనందుకు తననే తిట్టుకునేవాడు. అవ్వ అది కూడా ఒప్పుకునేది కాదు. పాపంలో వాటా ఎవరికీ ఇచ్చేది కాదు.

నేను హైస్కూలుకు వచ్చాక సైన్సు నా నెత్తికెక్కింది. మా సైన్సు సారు కందిలి, బంతి, గోళీ పట్టుకుని గ్రహణం చూపించిన రోజు నుంచి ఇంట్లో ఎవరినీ బతకనివ్వలేదు. మొదట పడింది నాయినమ్మ మీద. ఏ గ్రహణమూ లేని ఒక మామూలు మంగళవారం నాడు తాంబాళంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టాను. అడుగున ఇనుప పొన్ను చదునుగా ఉంటుంది, నిలబడక ఏం చేస్తుంది? నిలబడింది. నాయినమ్మను చెయ్యి పట్టి తెచ్చి చూపించాను.

"ఇయ్యాల గ్రహణం ఉన్నదా?"

నాయినమ్మ రోకలి చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"నువ్వు నిలవెడితె నిలవడ్డది. గ్రహణం నాడు అది తనంతట తనే నిలవడ్తది. గది వేరు, గిది వేరు. ఇగ రోకలి తియ్, కారం దంచాలె."

బాపుతో ఇంకో గొడవ. ఆయన డ్యూటీ అంతా ఆవిరి మీటరు ముల్లు చూడటమే. ముల్లు ఎర్ర గీత దాటితే ఏ దేవుడూ కాపాడడని ఆయనే చెప్పేవాడు. దసరా వస్తే మాత్రం అదే బాయిలర్‌కు పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టేవాడు. ముల్లును నమ్ముతావా, కొబ్బరికాయను నమ్ముతావా అని నిలదీశాను.

"ముల్లు సూసుడు నా పని. బొట్టు పెట్టుడు నా మనసు. ఆ రెండింటికి లేని పంచాది నీకెందుకురా?" అని బీడీ ముట్టించుకున్నాడు.

వీళ్లిద్దరి దగ్గర ఓడిపోయినా నాకు పెద్ద బాధ లేదు. నా అసలు గురి అవ్వ. ఆమెను ఆ పాపం నుంచి ఎలాగైనా బయటికి లాగాలని పట్టుబట్టాను. ఒక సాయంత్రం అవ్వను కూర్చోబెట్టి, కందిలి సూర్యుడు, చెల్లె రబ్బరు బంతి భూమి, నా గోళీ చంద్రుడు అని మొత్తం ఆట ఆడి చూపించాను. అవ్వ శ్రద్ధగా చూసింది. మధ్యలో ఒకటి రెండు మంచి ప్రశ్నలు కూడా అడిగింది. ప్రతి అమావాస్యకూ ఎందుకు పట్టదని అడిగితే నేను తడబడ్డాను కూడా.

అంతా అయ్యాక అంది:

"మంచిగ సమజైంది కొడుకా. సంద్రుడు అడ్డమొస్తడు, నీడ పడ్తది. పాము లేదు, మింగుడు లేదు. మరి పిల్ల పెదవి ఎందుకు చీలింది?"

"దానికీ దీనికీ సంబంధం లేదవ్వా."

"నీకెట్ల ఎరుక?"

"పుస్తకంల ఉన్నది."

"పిల్ల పెదవి సంగతి ఉన్నదా నీ పుస్తకంల?"

లేదు. నీడ ఎలా పడుతుందో పుస్తకంలో బొమ్మతో సహా ఉంది. మా చెల్లె పెదవి సంగతి లేదు. ఆమె ఒకటి అడుగుతుంటే నేను ఇంకొకటి చెబుతున్నానని అప్పుడు తోచలేదు. ఎంత చెప్పినా వినదని అలిగి, ఆ రాత్రి అన్నం తినకుండా పడుకున్నాను. సైన్సు కోసం పస్తున్నవాణ్ణి మా ఇంట్లో నేనొక్కణ్ణే.

చెల్లె తొమ్మిదేళ్లది అయ్యేనాటికి నేను నిజామాబాదులో కాలేజీలో చేరాను. పట్నం నుంచి ఒక డాక్టరమ్మ వచ్చిందని, చీలిన పెదవులు కుట్టి మామూలుగా చేస్తుందని నా గది పక్కనుండే కంపౌండరు చెప్పాడు. నేను ఉత్తరం రాసిన వారం తిరగకుండా అవ్వ చెల్లెను తీసుకుని బోధన్ రైల్లో దిగింది. బాపుకు సీజనులో సెలవు దొరకలేదు. దవాఖానకు మేము ముగ్గురమే పోయాం. చెల్లె ఎప్పటిలాగే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, వరండాలో ఉన్న వాళ్లందరినీ తేరిపార చూస్తూ నడిచింది. అది సిగ్గుపడటం నేనెప్పుడూ చూడలేదు. సిగ్గంతా అవ్వే పడేది.

డాక్టరమ్మ కోస్తా వైపు మనిషి. చెల్లె గడ్డం పట్టి అటూ ఇటూ తిప్పి చూసి, కాగితం మీద రాసుకుంటూ అడిగింది.

"మీ ఇళ్లల్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అమ్మా? కడుపుతో ఉన్నప్పుడు జ్వరాలు గానీ, మందులు గానీ?"

"మందులు గాదు డాక్టరమ్మా," అంది అవ్వ. "నేనే జేసిన."

ఆపుదామని కొంగు లాగాను. ఆమె నా చెయ్యి విదిలించుకుని మొత్తం చెప్పింది. గోనెసంచి, రోకలి, మొదటి కూత, చెరుకు గడ, పంటితో చీల్చడం. పేరున్న కాలేజీలో చదువుతున్న నేను పక్కన నిలబడి నేలలోకి కుంగిపోయాను. డాక్టరమ్మ నవ్వుతుందని, లేదా "మూఢనమ్మకాలు" అని గదమాయిస్తుందని అనుకున్నాను. నేనైతే అదే చేసేవాణ్ణి, చేస్తూనే వచ్చాను కూడా. ఆమె కలం పక్కన పెట్టి చివరిదాకా విన్నది.

"అప్పటికి నీకు ఎన్నో నెలమ్మా?"

"ఎనిమిది నడుస్తుండె."

"అయితే అది కాదమ్మా. బిడ్డకు పెదవి మూడు నెలలు నిండకముందే తయారైపోతుంది. ఇటు పక్క నుంచి కొంత, అటు పక్క నుంచి కొంత వచ్చి మధ్యలో అతుక్కుంటాయి. ఈ పిల్లకు అప్పుడే అతుక్కోలేదు. నువ్వు చెరుకు తిన్ననాటికి లోపల ఈ పెదవి ఇలాగే ఉంది."

అవ్వ వేళ్లు ముడవడం మొదలుపెట్టింది. నెలలను ఆమె పండుగలతో, పొలం పనులతో లెక్కపెట్టేది. ముడిచిన వేళ్లు మళ్లీ విప్పి ఇంకోసారి లెక్కపెట్టింది.

"అంటే, నాట్లప్పటికే?"

"అప్పటికే."

నేను ఊపిరి వదిలాను. అవ్వ వదల్లేదు. ఆమె ముఖంలోకి కొత్త భయం వచ్చింది.

"మరి నాట్లప్పుడు నేనేం జేసిన?"

"నువ్వేమీ చెయ్యలేదమ్మా."

"చెయ్యకుంటె ఎందుకయింది?"

డాక్టరమ్మ చెల్లె తల మీద చెయ్యి వేసి అంది: "కొందరికి వంశంలో వస్తుంది. చాలామందికి ఎందుకొస్తుందో మాకింకా తెలీదమ్మా."

బయట వరండాలో బల్ల మీద కూర్చున్నాం. ఇదేం డాక్టరు, చక్కగా కారణం చెప్పి ముగించకుండా తెలీదంటుందేమిటి అని నాలో నేను గొణుక్కుంటున్నాను. అవ్వ కొంగుతో ముఖం తుడుచుకుని అంది:

"తెల్వదన్నది సూసినవా? గంత సదివిన మనిషి. ఇన్నేండ్లల్ల 'నాకు తెల్వదు' అన్నోళ్లు ఒక్కలు లేరు కొడుకా. అందరికి తెలుసు. నీకు గూడ తెలుసు."

ఆ మాట నాకు అప్పుడు గుచ్చుకుంది, తర్వాత మేలు చేసింది. ఇన్నేళ్లు బడిలో సైన్సు చెప్పాను, తెలియనిది తెలియదని పిల్లల ముందు అనడానికి ఎప్పుడూ వెనకాడలేదు. అది నాకు ఏ కాలేజీ నేర్పలేదు.

ఆపరేషను బాగా అయింది. పెదవి మీద సన్నని గీత మిగిలింది. కుట్లు మానిన కొన్నాళ్లకు చెల్లె ఈల వెయ్యడం నేర్చుకుంది. ఈల అంటే మామూలు ఈల కాదు, అచ్చం ఫ్యాక్టరీ కూత. మధ్యాహ్నాలు ఇంటి వెనక నిలబడి అది కూత వేస్తే, పక్కింటామె పొయ్యి మీద అన్నం ఎక్కించేది. చెల్లె రెండుసార్లు దెబ్బలు తిన్నది, మానలేదు. అవ్వ కొట్టడానికి చెయ్యెత్తి, ఆ గుండ్రంగా చుట్టిన పెదవులను చూసి చెయ్యి దించేసేది. మా ఇంట్లో అంత నవ్వు అంతకుముందు నేను వినలేదు.

ఇంత అయ్యాక అవ్వ చెరుకు తింటుందనుకున్నాను. తినలేదు. సంక్రాంతి సెలవులకు వచ్చి ప్రతిసారీ మంచి గడ ఏరి, కణుపులు తీసి, ముక్కలు చేసి పళ్లెంలో పెట్టి ముందు ఉంచేవాణ్ణి. "అలవాటు తప్పింది కొడుకా, మీరు తినుండ్రి" అని పళ్లెం జరిపేది. వీధి ఆడవాళ్లకు మాత్రం తనే పాఠం చెప్పేది, పెదవి నాట్లప్పుడే అయిపోతదట, చెరుకు తినేది చలికాలంలో గదా అని. లెక్క ఆమె నోటికి వచ్చింది. చెరుకు మాత్రం నోటి దాకా రాలేదు. నాకు విసుగొచ్చేది. ఒప్పుకున్న మాటను ఒంటికి పట్టించుకోవడానికి ఇంత కాలం ఎందుకని.

డెబ్బైల నడుమ చెల్లె పెళ్లయింది. వేల్పూర్‌లో పసుపు పండించే ఇంట్లో పడింది. అప్పటికి నేను సైన్సు మాస్టరును. చెల్లె తొలిచూలుకు మా ఇంటికి వచ్చి ఉన్న ఎండాకాలంలో మళ్లీ సూర్యగ్రహణం వచ్చింది. వేల్పూర్ నుంచి వాళ్లత్త ప్రత్యేకంగా మనిషితో కబురు పంపింది, పిల్లను బయటికి రానివ్వకండి, మీకు తెలిసిందే గదా అని. ఆ "మీకు తెలిసిందే గదా" అన్న మాట విని అవ్వ ముఖం చిన్నబోయింది.

సాయంత్రం పట్టే గ్రహణం అది. మంచం పట్టిన నాయినమ్మకు చూపు ఆనేది కాదు గాని, నోరు పదిలంగానే ఉంది. "రోకలి నిలవెట్టిండ్రా?" అని అడుగుతూనే ఉంది. రిటైరయి ఇంట్లో ఉన్న బాపు తాంబాళం తెచ్చి రోకలి నిలబెట్టాడు. అవ్వ చెల్లెను వెనకటి అర్రలోకి పంపి, కిటికీకి గోనెసంచి తనే కట్టింది. పదేళ్లు వీధికంతా పాఠం చెప్పిన మనిషి, సొంత బిడ్డ దగ్గరికి వచ్చేసరికి గోనెసంచి పట్టుకుంది.

నేను పెరట్లో ఒక అట్టకు బొక్క పొడిచి సూర్యుణ్ణి గోడ మీదికి పట్టాను. రూపాయి బిళ్లంత వెలుగు పడింది. దాని అంచున ఒక పక్క కొంచెం కొరికినట్టు ఉంది, అంతే. ఈమాత్రం దానికి ఊరంతా తలుపులు మూసుకుందా అని గొణిగాను. లోపలి నుంచి చెల్లె గొంతు వినిపించింది.

"అవ్వా, ఉడుకపోస్తున్నదే. పానం పోతున్నది."

అవ్వ అర్ర తలుపు దగ్గర నిలబడింది. చెయ్యి గొళ్లెం మీద ఉంది. నేను చెప్పాల్సిన ఉపన్యాసం అంతా నోటి దాకా వచ్చింది. బాపు నా వైపు చూసి, వద్దన్నట్టు తల ఊపాడు. నా జీవితంలో నేను నోరు మూసుకున్న కొద్ది సందర్భాల్లో అదొకటి.

"నీకెన్నో నెల బిడ్డా?" అని అడిగింది అవ్వ, తెలియనట్టు.

"ఆరు పడ్డది గద. నీకెరుక లేదా?"

అవ్వ వేళ్లు ముడిచింది. విప్పింది. అర్రలోకి పోయి గోనెసంచి ఊడబీకి బయట పడేసింది.

"పెదవి ఎన్నడో అయిపాయె. లే, అరుగు మీద గాలికి కూసో."

చెల్లె వచ్చి వెనక అరుగు మీద కూర్చుని చేతితో విసురుకుంది. గోడ మీద కొరికిన సూర్యుణ్ణి చూసి "గింతేనా" అంది. దానికోసం నేను తెచ్చిన సీజను చివరి చెరుకు గడ గోడకు ఆనించి ఉంది. కత్తి తెస్తానని నేను లేచాను. అవ్వ నాకంటే ముందు గడ అందుకుంది. కొంగుతో దుమ్ము తుడిచింది. అక్కడే, అదే అరుగు మీద కూర్చుని, పంటితో పట్టి తొక్క చీల్చింది.

బాపు నోట్లో బీడీ ఆరిపోయింది. చెల్లె విసురుకోవడం ఆపింది. అవ్వ మొదటి ముక్క విరిచి చెల్లె చేతిలో పెట్టింది. రెండోది నా చేతిలో పెట్టింది.

నేను ఉండబట్టలేక అడిగాను, "అవ్వా, చెల్లెకు ఇది మూడో నెల అయ్యుంటె?"

"మూడో నెలయితె అర్రలనే పండవెడుదును. ఆ డాక్టరమ్మకే తెల్వదట, నాకేం తెలుసు?" అంది.

వాదించడానికి నోరు తెరిచాను. నోట్లో చెరుకు ఉంది. నమిలాను.

ఫ్యాక్టరీ కూత పడింది, మొదటిది. మంచంలోంచి నాయినమ్మ "విడిచిందా?" అని అడిగింది. రెండో కూత దాకా ఆగకుండా, అవ్వ ఇంకో ముక్క విరిచి తన నోట్లో పెట్టుకుంది. కళ్లు మూసుకుని చాలాసేపు నమిలింది. రసం గడ్డం మీదికి కారినా తుడుచుకోలేదు. పిప్పి చేతిలోకి తీసుకుని దానివంక చూసింది.

"దీని తప్పు గూడ ఏం లేకపాయె," అని, ఇంకో ముక్కకు చెయ్యి చాపింది.